పళ్ళు తోముకోవడం కూడా పొదుపే

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చేసిన ప్రసంగ పాఠం. సభ్యులు అడిగినందువల్ల ఈ నివేదికలో అచ్చు వేస్తున్నాం.)



ప్రతి ఏడాదీ ఈ మైకు ముందుకొస్తే నేను రికవరీ గురించి చెప్పేదాన్ని. స్త్రీనిధి వాయిదాలు, బ్యాంకు లింకేజీ, పుస్తకాల నిర్వహణ. ఈసారి ఆరోగ్యం మీద ఒక అంశం చెప్పమన్నారు. "పళ్ళు తోముకోవడం గురించి చెప్తానండీ" అంటే మా సంఘంలోనే అందరూ నవ్వారు. మీరూ ఇప్పుడు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ నవ్వేటప్పుడు మనలో ఎంతమందిమి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నామో ఒక్కసారి చుట్టూ చూడండి. అది సిగ్గు వల్ల కాదక్కా. పళ్ళు కనపడకూడదని.

మా సంఘంలో ఒకావిడ ఉంది. లెక్కల్లో దిట్ట. వడ్డీ నోటితోనే కట్టేస్తుంది. రెండో లీడరుగా ఉండమని మూడేళ్ళ నుంచి అడుగుతున్నాం, ఒప్పుకోదు. కిందటేడు ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది. "బ్యాంకు మేనేజరు గారి ముందు నోరు విప్పాలంటే నాకు భయమమ్మా, నా నోరు వాసనొస్తది" అని. ఒక మనిషి తెలివి పంటి వెనకాల దాగిపోయింది. అందుకే ఇది చిన్న విషయం అనుకోకండి.

నేను పదో తరగతి వరకే చదివాను. డాక్టర్ని కాదు. పళ్ళ డాక్టరు గారు చెప్పింది, ఏఎన్ఎం గారు చెప్పింది, నా తప్పు వల్ల నేను నేర్చుకున్నది, ఈ మూడూ కలిపి చెప్తాను. ముందు నా తప్పు చెప్తాను.

వరద రోజుల్లో మా పాప పన్ను

2024 సెప్టెంబరు మీకందరికీ గుర్తుంటుంది. బెజవాడలో బుడమేరు పొంగింది. ఆ నీళ్ళన్నీ చివరికి చేరేది మన కొల్లేట్లోకే గదా. నాలుగు రోజులు తిరిగేసరికి మన లంక ఊళ్ళ దారులు మునిగినయ్యి. ఏలూరు రోడ్డు మీదికి నీళ్ళెక్కి బళ్ళు ఆగిపోయినయ్యి. చెరువుల గట్లు తెగుతాయేమోనని మగవాళ్ళు రాత్రంతా లాంతర్లు పట్టుకుని కాపలా కాస్తున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లో మా పాపకి పంటినొప్పి వచ్చింది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. కింద దవడ పన్ను. అంతకు ముందు ఆరు నెలల నుంచీ "అమ్మా, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటంది" అంటూనే ఉంది. పన్నులో నల్లటి గుంట కూడా కనపడుతూనే ఉంది. నేనేమన్నానంటే, "పాలపన్నులేవే, అదే ఊడిపోతది, కొత్తది వస్తది" అన్నాను. నొప్పి ఎక్కువైనప్పుడు లవంగం పెట్టాను. ఇంకా ఎక్కువైతే బడ్డీకొట్టులో నొప్పి బిళ్ళ తెచ్చి వేశాను.

ఆ వరద రాత్రి పాప బుగ్గ వాచిపోయింది. తెల్లారేసరికి కంటి కిందదాకా వాపు, ఒళ్ళు కాలిపోతా జ్వరం. పడవ ఎక్కి, నీళ్ళు దాటి, ట్రాక్టరు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి చేరేసరికి మూడో రోజు అయింది. ఆయన చూసి, మందులు రాసి, వాపు తగ్గాక ఆ పన్ను పీకేశారు. పీకేశాక నన్ను పిలిచి ఒక మాట అడిగారు. "ఎందుకమ్మా ఇంత ఆలస్యం చేశావు?" అన్నారు. "పాలపన్నే గదండీ" అన్నాను. ఆయన ఆ పన్ను నా చేతిలో పెట్టి, "ఇది పాలపన్ను కాదమ్మా. ఆరో ఏట వచ్చిన పన్ను. జీవితాంతం ఉండాల్సింది. ఇక మళ్ళీ రాదు" అన్నారు.

అక్కా, ఆ పన్ను ఇప్పటికీ మా ఇంట్లో కుంకుమ భరిణెలో ఉంది. పారేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆటో, పడవ, మందులు, డాక్టరు అన్నీ కలిపి నాలుగువేల పైన అయింది. రొయ్యల షెడ్డులో పని లేదు, చెరువు పని లేదు. సంఘంలో అంతర్గత అప్పు తీసుకున్నాను. తీర్మానం పుస్తకంలో కారణం దగ్గర "పంటి వైద్యం" అని నా చేత్తో నేనే రాసుకున్నాను. ఆ తర్వాత పాత పుస్తకాలు తిరగేశాను. మా పదిమందిలో ఇంకో ఇద్దరు కూడా అంతకు ముందు పన్ను కోసమే అప్పు చేశారు. "ఇంటి ఖర్చు" అని రాయించారంతే. మీరు కూడా మీ సంఘం పుస్తకం ఒకసారి తిరగెయ్యండి. ఇంటి ఖర్చు అని రాసిన దాంట్లో పన్ను ఖర్చు ఎంతుందో కనపడుద్ది.

ఆరో ఏటి పన్ను

ముందుగా ఇది చెప్తాను, ఎందుకంటే నాలాగా ఇంకో తల్లి మోసపోకూడదు. పాలపళ్ళు మొత్తం ఇరవై. పిల్లలకి ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వరసకి వెనకాల, పైన రెండు, కింద రెండు, కొత్తగా నాలుగు దవడ పళ్ళు వస్తాయి. వీటి కోసం ఏ పాలపన్నూ ఊడదు. ఊడకుండా వచ్చింది గాబట్టి ఇదీ పాలపన్నే అనుకుంటాం. అదే మన పొరపాటు. అవి శాశ్వత పళ్ళు. వాటి పైభాగం గుంటలు గుంటలుగా ఉంటుంది. ఆ గుంటల్లో బిస్కెట్టు, అన్నం ఇరుక్కుని తొందరగా పిప్పి పడుతుంది.

ఇంటికెళ్ళాక మీ ఆరేడేళ్ళ పిల్లల్ని వెలుగులో కూర్చోబెట్టి నోరు తెరవమనండి. చివరాఖరున ఉన్న పన్ను చూడండి. బ్రష్షు అక్కడిదాకా వెళ్తోందో లేదో చూడండి. సగం మంది పిల్లలు ముందు పళ్ళు మాత్రమే రుద్ది లేచిపోతారు.

అలాగని పాలపళ్ళని వదిలెయ్యొచ్చు అనుకోకండి. పాలపన్ను కొత్త పన్నుకి చోటు పట్టి ఉంచుతుంది. ముందే పీకాల్సొస్తే పక్క పళ్ళు జరుగుతాయి. కొత్తది వంకరగా వస్తుంది.

పాచి అంటే ఏంటి

మనవాళ్ళు ఎప్పటి నుంచో "పాచి నోరు", "పాచి పళ్ళు" అంటారు. డాక్టర్లు చెప్పేదీ అదే. చెరువు మెట్ల మీద పాచి ఎలా పడుతుందో మీకు తెలుసు. నీళ్ళు పోస్తే పోదు. చీపురుతో రుద్దితేనే పోతుంది. పళ్ళ మీద కూడా అంతే. మెత్తగా, జిగురుగా ఒక పొర పడుతుంది. అందులో కంటికి కనపడని క్రిములుంటాయి. మనం తీపి గానీ పిండి పదార్థం గానీ తిన్నప్పుడల్లా ఆ క్రిములు కూడా తింటాయి. తిని పులుసు లాంటి ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరని కొంచెం కొంచెం కరిగిస్తుంది. అలా కరిగి కరిగి పడిన గుంటే పిప్పి పన్ను. పంటిలో నిజంగా పురుగేమీ ఉండదు. సంతలో చెవిలో నుంచీ పంటిలో నుంచీ పురుగు తీసి చూపించేవాళ్ళ మాట నమ్మొద్దు.

ఆ పాచిని తియ్యకుండా వదిలేస్తే కొన్నాళ్ళకి గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్షుతో రాదు. డాక్టరే తియ్యాలి. గార పట్టినచోట చిగురు ఉబ్బి, ఎర్రబడి, తోముకుంటే రక్తం వస్తుంది. తర్వాత పంటిని పట్టుకుని ఉన్న ఎముక కూడా కరుగుతుంది. అప్పుడు పుచ్చు లేని మంచి పన్ను కూడా కదిలి ఊడిపోతుంది. మన అమ్మలకి యాభై దాటేసరికి పళ్ళు ఊడటం వయసు వల్ల అనుకున్నాం. చాలావరకు వయసు కాదు, పాచి.

రాత్రి తోముకోవడం ఎందుకు

మనమందరం పొద్దున తోముకుంటాం. తోముకోకుండా టీ తాగితే తప్పు అనుకుంటాం. మంచిదే. కానీ షెడ్డు వ్యాను తెల్లారుజామున వస్తుంది. ఒక చేత్తో క్యారేజీ సర్దుకుంటా, ఒక చేత్తో అర నిమిషం రుద్దుకుని పరిగెత్తుతాం. అది తోముకోవడం కాదు, తడుపుకోవడం.

డాక్టరు గారు రెండు పూటలా తోముకోమన్నారు. అందులో రాత్రి పూట అసలు వదలొద్దన్నారు. ఎందుకో ఆయన చెప్తే నాకు మన చెరువులే గుర్తొచ్చినయ్యి. రొయ్యల చెరువుకి గండం ఎప్పుడు? రాత్రి పూట. రాత్రి నీళ్ళలో గాలి తగ్గుతుంది. అందుకే ఏరేటర్లు తిప్పుతారు. కరెంటు పోతే ప్రాణం పోయినట్టే. నోరు కూడా అంతే. పగలంతా లాలాజలం ఊరుతా ఉంటుంది. అది ఆమ్లాన్ని కడుగుతుంది, పంటిని కాపాడుతుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అన్నం మెతుకు, అరటిపండు, పాలు ఏది పళ్ళ మీద ఉన్నా తెల్లార్లూ క్రిములకి విందే. రాత్రి తోముకుని పడుకుంటే వాటికి మేత ఉండదు.

తోముకున్న తర్వాత నీళ్ళు తప్ప ఇంకేమీ నోట్లో పెట్టకూడదు. పిల్లలకి చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం నేనూ చేశాను. అది పళ్ళకి చాలా చెడ్డ అలవాటు. పాలు తాగించి, తోమించి, అప్పుడు పడుకోబెట్టాలి.

మన పంచసూత్రాలు

సంఘానికి పంచసూత్రాలు ఉన్నాయి గదా. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పు, వాయిదా, పుస్తకం. అలాగే పళ్ళకి కూడా నేను ఐదు రాసుకున్నాను. మా ఇంట్లో గోడకి అంటించాను.

ఒకటి, రోజుకి రెండుసార్లు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి.

రెండు, ఒక్కోసారి రెండు నిమిషాలు. రెండు నిమిషాలు తక్కువ అనుకుంటాం. సెల్‌ఫోన్లో టైము పెట్టి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. నోటిని నాలుగు భాగాలు చేసుకోండి. పైన కుడి, పైన ఎడమ, కింద కుడి, కింద ఎడమ. ఒక్కో భాగానికి అర నిమిషం.

మూడు, మెత్తటి బ్రష్షు, మెత్తటి చెయ్యి. బ్రష్షుని చిగురు, పన్ను కలిసేచోట ఏటవాలుగా ఆనించాలి. చిన్న చిన్న కదలికలతో రుద్దాలి. బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు, మూడు వైపులా. గిన్నె మాడితే తోమినట్టు అడ్డంగా బలంగా రుద్దితే చిగురు కిందికి జారుతుంది, పన్ను మెడ దగ్గర అరుగుతుంది. తర్వాత చల్లటి నీళ్ళు తాగలేం. బ్రష్షుని కలం పట్టుకున్నట్టు పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. చివర నాలుక మీద కూడా నెమ్మదిగా శుభ్రం చేసుకోవాలి. నోటి వాసనలో నాలుక పాచి వంతు ఎక్కువ. రేకు బద్దతో రక్తమొచ్చేట్టు గీకొద్దు.

నాలుగు, ఫ్లోరైడు ఉన్న పేస్టు, కొంచెం. టీవీలో బ్రష్షు పొడుగునా పెడతారు, అంత అక్కర్లేదు. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి బఠాణీ గింజంత. తోముకున్నాక నురుగు ఉమ్మెయ్యాలి. చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తే పంటి మీద మిగలాల్సిన మందు కూడా పోతుంది. ఉమ్మేసి ఊరుకుంటే మంచిది.

ఐదు, మూడు నెలలకి కొత్త బ్రష్షు. వెంట్రుకలు పక్కకి వంగిపోతే ఇంకా ముందే మార్చాలి. ఎవరి బ్రష్షు వాళ్ళదే. మొగుడూ పెళ్ళాలైనా, తల్లీ పిల్లలైనా ఒక బ్రష్షు వాడకూడదు.

పేస్టులో ఫ్లోరైడు మంచిదేనా

మా ఊరి మీటింగులో ఒక పెద్దమ్మ మంచి ప్రశ్న అడిగింది. "ఫ్లోరైడు వల్లే గదా నల్గొండ వాళ్ళ కాళ్ళు వంకర్లు పోయింది, దాన్ని నోట్లో ఎట్టా పెట్టుకుంటాం?" అంది. నల్గొండ జిల్లాలోనూ, మన రాష్ట్రంలో కనిగిరి వైపూ భూమి లోపలి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ ఉంది. అక్కడి జనం ఆ నీళ్ళు చిన్నప్పటి నుంచీ రోజంతా తాగారు, ఆ నీళ్ళతోనే వండుకున్నారు. అందువల్ల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, ఎముకల వంకర్లు వచ్చినయ్యి. పేస్టులోది వేరు. గింజంత పెట్టుకుని, పంటి మీద రుద్ది, ఉమ్మేస్తాం. అంతమాత్రం ఫ్లోరైడు పంటి పైపొరని గట్టిపరుస్తుంది. ఉప్పు లాంటిదే అనుకోండి. చిటికెడు కూరకి రుచి, గుప్పెడు పోస్తే కూర పాడు. పిల్లలు పేస్టు తియ్యగా ఉందని మింగకుండా చూడటం మాత్రం మన పని.

పందుంపుల్ల, బొగ్గు, పళ్ళపొడి

మన పెద్దలు వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి వేరు వాడారు. నేను వాటిని తక్కువ చెయ్యను. పుల్లని కుంచెలాగా మెత్తగా నమిలి, ఓపిగ్గా రుద్దుకుంటే పాచి పోతుంది. కానీ దవడ పళ్ళ లోపలి వైపుకి పుల్ల అందదు. అందులో ఫ్లోరైడు ఉండదు. బ్రష్షు లేని రోజు పుల్ల వాడండి, మానెయ్యడం కంటే నయం. బ్రష్షు ఉంటే బ్రష్షు.

బొగ్గు, ఇటుకపొడి, ఇసుక, కచ్చిక మాత్రం వద్దు. అవి పంటిని తెల్లబరచవు, అరగదీస్తాయి. గరుకు కాగితంతో తలుపు రుద్దినట్టు. పైపొర పోతే మళ్ళీ రాదు. ఎర్ర పళ్ళపొడుల్లో కూడా గరుకు ఎక్కువగా ఉండేవి ఉన్నాయి.

ఇంకో మాట కొంచెం కష్టంగా ఉన్నా చెప్పాలి. పొగాకు. కొంతమంది అక్కలు పొగాకు పొడి, నశ్యం చిగుళ్ళకి రుద్దుకుంటారు. నొప్పి తెలియదని మొదలుపెడతారు, తర్వాత అది లేకపోతే పొద్దు గడవదు. పళ్ళపొడి, పేస్టుల్లో పొగాకు కలపకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధం పెట్టింది. అంటే ముప్పై ఏళ్ళ పైన అయింది. మనం మాత్రం ఇంకా చేత్తో రుద్దుకుంటున్నాం.

మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. మీలో పెద్దవాళ్ళకి తెలుసు, చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎక్కువని, దానివల్ల అంగిలి మీద క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎన్నో ఏళ్ళ క్రితమే పరిశోధన చేసి చెప్పారు. మా నాయనమ్మ అంగిలి తెల్లగా, పగుళ్ళుగా ఉండేది. "వేడి చేసింది" అనుకునేవాళ్ళం. చివరి ఏడాది గంజి కూడా మింగలేక పోయింది. ఆమెకి ఏ జబ్బో ఎవరూ పేరు చెప్పలేదు. ఎవరమూ చూపించలేదు.

ఇప్పుడు అడ్డపొగ తగ్గింది. గుట్కా, ఖైనీ వచ్చినయ్యి. వక్కపొడిలో పొగాకు లేదు గదా అనుకోవద్దు. వక్క ఒక్కటే నమిలినా నోటి క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చి చెప్పింది. చెరువు కాపలాకి వెళ్ళే మన మగపిల్లలు నిద్ర రాకూడదని ఇవి నములుతున్నారు. నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకోకపోతే, నోట్లో తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ ఉంటే, పుండు రెండు వారాలకి మానకపోతే వెంటనే చూపించాలి. నొప్పి లేదు గదా అని ఆగొద్దు. మొదట్లో నొప్పి ఉండదు.

తీపి ఎన్నిసార్లు

తీపి ఎంత తిన్నామన్నదే గాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది పంటికి ముఖ్యం. ఒక లడ్డు భోజనంతో పాటు తిని ఊరుకుంటే ఒకసారి దాడి. అదే షెడ్డులో రోజుకి ఐదుసార్లు చక్కెర టీ, మధ్యలో బిస్కెట్టు అయితే ఐదారుసార్లు దాడి. లాలాజలం కోలుకునే లోపే మళ్ళీ మొదలు. అందుకని టీ తాగాక నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించండి. అది డబ్బులు అక్కర్లేని మందు. పిల్లల చేతికి పది రూపాయలిస్తే కొట్లో ఏం కొంటారో మీకు తెలుసు. అదే డబ్బులు పెట్టి జామకాయ, వేరుశెనక్కాయలు కొనివ్వండి.

పిల్లలు, గర్భిణులు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు

మొదటి పన్ను కనపడిన రోజు నుంచే తోమాలి. అంతకు ముందు తడిగుడ్డతో చిగుళ్ళు తుడవాలి. ఏడెనిమిదేళ్ళ వరకు పిల్లల చెయ్యి సరిగా తిరగదు. వాళ్ళు తోముకున్నాక మనం ఒకసారి తోమాలి. పాపని మన ముందు నిలబెట్టుకుని, తల వెనక్కి మన పొట్టకి ఆనించుకుంటే నోరంతా కనపడుతుంది.

కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాచి రక్తం రావడం చాలామందికి ఉంటుంది. "ఒక్కో బిడ్డకి ఒక్కో పన్ను" అని మన అత్తలు అంటారు. బిడ్డ పన్నులో సున్నం తీసుకోదు. ఒంట్లో మార్పుల వల్ల చిగుళ్ళు నాజూకవుతాయి, పాచి ఉంటే ఇంకా వాస్తాయి. రక్తం వస్తోందని తోముకోవడం మానేస్తే పాచి పెరిగి ఇంకా ఎక్కువవుతుంది. మెత్తటి బ్రష్షుతో తోముకుంటూనే ఉండాలి. వాంతి అయిన వెంటనే తోముకోవద్దు. నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు తొందరగా వస్తుంది. చిగుళ్ళ జబ్బు ఉంటే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఒకటి ఇంకోదాన్ని పెంచుతుంది. పీహెచ్‌సీలో షుగరు చూపించుకునే రోజున చిగుళ్ళు కూడా చూడమని అడగండి.

మన అపోహలు

"గార తీయిస్తే పళ్ళు వదులవుతాయి" అంటారు. గార వల్లే పళ్ళు వదులయ్యాయి. గార తీసేసరికి ఆ సంగతి బయటపడుతుంది. అంతే తేడా. "పైదవడ పన్ను పీకిస్తే కళ్ళు పోతాయి" అంటారు. పంటికీ చూపుకీ సంబంధం లేదు. "నొప్పి తగ్గింది, ఇక డాక్టరెందుకు" అంటారు. ఒక్కోసారి లోపలి నరం చచ్చిపోయి నొప్పి ఆగుతుంది, చీము మాత్రం లోపల తయారవుతానే ఉంటుంది. మా పాపకి వరదకి ముందు వారం రోజులు నొప్పి లేదు. నేను సంతోషపడ్డాను.

బుగ్గ వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే అది రాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. నొప్పి బిళ్ళని పంటి మీద పెడితే చిగురు కాలుతుంది, అదీ వద్దు. సంతలో, ఇంటింటికీ తిరిగి పళ్ళు కట్టేవాళ్ళకి నోరు అప్పజెప్పొద్దు.

చూపించుకోవడానికి మనకి దారులున్నాయి. ఏలూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ డెంటల్ కాలేజీ, రైలెక్కితే భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉన్నాయి. బళ్ళకి వచ్చి పిల్లల్ని పరీక్ష చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు పళ్ళు కూడా చూస్తారు. వాళ్ళు రాసిచ్చిన చీటీని పిల్లల సంచిలోనే చించిపోనివ్వకండి.

లెక్క చూద్దాం

మనం సంఘం మనుషులం, లెక్క లేకుండా నమ్మం. నలుగురున్న ఇల్లు. ఇరవై రూపాయల మెత్తటి బ్రష్షు మూడు నెలలకొకటి. మనిషికి ఏడాదికి నాలుగు, ఇంటికి పదహారు. 320 రూపాయలు. పేస్టు నెలకి అరవై అనుకుంటే ఏడాదికి 720. మొత్తం 1,040 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి పేస్టు, బ్రష్షుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది గూడా. అంటే ఇంటికి రోజుకి మూడు రూపాయల లోపు. నేను ఒక్క పన్ను పీకించడానికి పెట్టిన నాలుగువేలతో మా ఇంటిల్లిపాదికీ దాదాపు నాలుగేళ్ళు బ్రష్షులు, పేస్టు వచ్చేవి. దాని మీద వడ్డీ కట్టాను, అది వేరే. పన్ను పోయింది, దానికి లెక్కే లేదు.

ఇక చివరిగా మూడు కోరికలు మహాసభ ముందు పెడుతున్నాను. ప్రతి గ్రామ సమాఖ్య సమావేశంలోనూ నెలకి ఒకసారి ఐదు నిమిషాలు పళ్ళ గురించి మాట్లాడుకుందాం. సమాఖ్య ద్వారా మెత్తటి బ్రష్షులు, ఫ్లోరైడు పేస్టు టోకున కొని సభ్యులకి ఇద్దాం. మార్చి 20 ప్రపంచ నోటి ఆరోగ్య దినం. ఆరోజు ప్రతి ఊళ్ళోనూ ఆరేళ్ళు నిండిన పిల్లల నోళ్ళు తల్లులే చూసి, గుంట కనపడ్డ పిల్లల పేర్లు రాసి, ఏఎన్ఎం గారికి ఇద్దాం. దశసూత్రాల్లో ఆరోగ్యం కూడా ఒక సూత్రమే గదా.

మా సంఘంలో లెక్కల మనిషి సంగతి చెప్పాను గదా. మొన్న ఆమెని నేనే తీసుకెళ్ళి గార తీయించాను. రెండు పూటలా తోముకుంటోంది. చిగుళ్ళ నుంచి రక్తం ఆగింది. కిందటి నెల బ్యాంకులో లింకేజీ అప్పు గురించి మేనేజరు గారితో ఆమే మాట్లాడింది. పమిట చెంగు భుజం మీదే ఉంది, నోటి మీదికి రాలేదు. నేను పక్కన ఊరికే కూర్చున్నాను.

మా పాపకి ఇప్పుడు ఆ పన్ను చోట ఖాళీ ఉంది. నవ్వితే కనపడదు గానీ నమిలితే తెలుస్తుంది. రాత్రి అన్నాలయ్యాక అదే నాకు గుర్తు చేస్తుంది, "అమ్మా, నీ బ్రష్షు ఏదే?" అని. ఈ రాత్రి మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఆ మాట అడగాలి. ముందు మీరే అడగండి.